బోర్డులకూ గడువు తేదీ: అమెరికా రాష్ట్రాల్లో వృత్తి లైసెన్సుల కథ

ఐబ్రోస్ చేయడానికి ఒక దారం, చేయి తిరిగిన మనిషి ఉంటే చాలు. మన ఊళ్లలో ఏ బ్యూటీ పార్లర్‌కి వెళ్లినా దారం కొసను పళ్ల మధ్య బిగించి, రెండు చేతులతో మెలితిప్పి, ఐదు నిమిషాల్లో పని ముగించేస్తారు. కత్తెర వాడరు, రసాయనం పూయరు, వేడి మైనం జోలికి పోరు. ఇదే పనిని టెక్సాస్‌లో డబ్బులు తీసుకుని చేయాలంటే ఒకప్పుడు 750 గంటల శిక్షణ, రెండు పరీక్షలు, ఆపైన ప్రభుత్వ లైసెన్సు ఉండాల్సింది. తమాషా ఏమిటంటే ఆ 750 గంటల్లో థ్రెడింగ్ నేర్పి తీరాలన్న నియమం లేదు. పరీక్షల్లో థ్రెడింగ్ ఊసే ఉండదు. ఫేషియళ్లు, వాక్సింగ్, మేకప్ అన్నీ నేర్చుకుని, వాటిలో పాసై, ఆ తర్వాత వచ్చి దారం పట్టుకోవాలి.

దక్షిణాసియా నుంచి వెళ్లి అక్కడ ఈ పనితో బతుకుతున్న కొందరికి తనిఖీల్లో జరిమానాలు పడ్డాయి. 2009 చివర్లో వాళ్లు కోర్టుకెక్కారు. పటేల్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యం ఆరేళ్లు నడిచింది. 2015 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు 6-3 తేడాతో థ్రెడింగ్ చేసేవాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. 750 గంటల్లో 320 గంటల దాకా, అంటే నలభై శాతం పైమాటే, వాళ్ల పనికి సంబంధం లేనివని లెక్క తేలింది. అంత భారం మోపడం రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు అంది.

థ్రెడర్లు గెలిచారు, బాగానే ఉంది. అయితే ఒక నియమం అర్థం లేనిదని తేల్చడానికి ఆరేళ్ల వ్యాజ్యం, సుప్రీంకోర్టు దాకా ప్రయాణం ఎందుకు కావాల్సి వచ్చింది? లైసెన్సులిచ్చే సంస్థల్ని ఎప్పటికప్పుడు పరీక్షించే ఏర్పాటు ఆ రాష్ట్రంలో 1977 నుంచీ ఉంది. పైగా ఆ పనిలో దేశం మొత్తానికి టెక్సాస్‌నే ఆదర్శంగా చూపిస్తారు. ఆ ఏర్పాటు ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఇక్కడ డిగ్రీ చదివి అక్కడ పని చేయలేక ఇంట్లో ఉండిపోయిన డెంటిస్టులకు, ఫార్మసిస్టులకు, ఫిజియోథెరపిస్టులకు ఈ గొడవ కొత్తేమీ కాదు.

లైసెన్సు ఎవరు అడుగుతారు?

అమెరికాలో వృత్తి లైసెన్సులు చాలామటుకు కేంద్రం చేతిలో ఉండవు, రాష్ట్రాలే ఇస్తాయి. లైసెన్సు లేకుండా వైద్యం చేయకూడదనే అధికారం రాష్ట్రానికి ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1889లోనే, వెస్ట్ వర్జీనియాకు చెందిన డెంట్ అనే వైద్యుడి కేసులో తేల్చేసింది. డాక్టరు విషయంలో ఎవరికీ పెద్ద పేచీ లేదు. మన కడుపు కోసేవాడికి ఆ విద్య వచ్చో రాదో మనంతట మనం తేల్చుకోలేం, తేలేసరికి మనం ఉండకపోవచ్చు. కాబట్టి ప్రభుత్వమే ముందుగా పరీక్ష పెట్టి వడపోయాలి. ఇందులో న్యాయం ఉంది.

అయితే ఈ న్యాయం డాక్టరు దగ్గర ఆగలేదు. 1950ల్లో అమెరికా కార్మికుల్లో ఐదు శాతం లోపు మందికే రాష్ట్ర లైసెన్సు అవసరమయ్యేది. 2008 నాటికి అది పాతిక శాతం దాటింది. ఒబామా హయాంలో 2015లో వైట్‌హౌస్ విడుదల చేసిన నివేదికలో ఇంకో లెక్క ఉంది. ఏదో ఒక రాష్ట్రంలో ప్రభుత్వ నియంత్రణ ఉన్న వృత్తులు 1,100 పైచిలుకు. యాభై రాష్ట్రాల్లోనూ నియంత్రణ ఉన్నవి మాత్రం 60 లోపే. అంటే ఒక రాష్ట్రంలో ప్రాణాపాయంగా కనబడిన పని, సరిహద్దు దాటితే మామూలు పనే. లూసియానాలో పూలు అమర్చి అమ్మే ఫ్లోరిస్టుకు కూడా లైసెన్సు కావాలి. పక్కనున్న టెక్సాస్‌లో అక్కర్లేదు. టెక్సాస్‌లో పూలగుత్తుల వల్ల ఎవరైనా ఆస్పత్రి పాలయ్యారని నేనెక్కడా చదవలేదు.

లైసెన్సు పెట్టమని అడిగేది సాధారణంగా వినియోగదారులు అనుకుంటాం. చట్టసభల రికార్డులు చూస్తే ఎక్కువసార్లు అడిగింది ఆ వృత్తిలో అప్పటికే ఉన్నవాళ్లు. వాళ్లకు లాభం స్పష్టం. అదే నివేదిక ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్ల సంపాదన, లేనివాళ్లకన్నా 10 నుంచి 15 శాతం ఎక్కువ. గుమ్మం ఎత్తు పెంచితే లోపలున్నవాళ్లకు పోటీ తగ్గుతుంది. పాతవాళ్లకు మినహాయింపు ఇచ్చి కొత్తవాళ్లకే గంటలు, పరీక్షలు పెట్టడం మామూలు. నష్టపోయేదెవరు? రేపెప్పుడో ఆ వృత్తిలోకి రావాలనుకునే అమ్మాయి, నాలుగు డాలర్లు ఎక్కువ కట్టే కస్టమరు. వాళ్లకు సంఘం ఉండదు, లాబీయిస్టు ఉండడు. అసలు తాము నష్టపోయామన్న సంగతే వాళ్లకు తెలియదు.

ఆపైన బోర్డు. లైసెన్సు ఎవరికివ్వాలో, ఎవరిది రద్దు చేయాలో తేల్చే బోర్డులో మెజారిటీ సభ్యులు ఆ వృత్తిలో ఉన్నవాళ్లే. పని తెలిసినవాడే పనిని తూకం వేయగలడన్నది దాని వెనుక ఆలోచన. ఆలోచన మంచిదే, ఆచరణలో ఏమవుతుందో ఉత్తర కరొలినా చూపించింది. అక్కడి డెంటల్ బోర్డులో ఎనిమిది మంది సభ్యులు, అందులో ఆరుగురు ప్రాక్టీసు చేసే డెంటిస్టులు, వాళ్లనెన్నుకునేదీ డెంటిస్టులే. షాపింగ్ మాళ్లలో చిన్న కౌంటర్లు పెట్టి తక్కువ ధరకు పళ్లు తెల్లబరిచేవాళ్లు వచ్చేసరికి డెంటిస్టుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. ఎవరికో పళ్లు పాడయ్యాయన్నవి వాటిలో తక్కువ. ధర మరీ తక్కువన్న బాధే ఎక్కువ. బోర్డు కనీసం 47 హెచ్చరిక లేఖలు పంపి ఆ కౌంటర్లను మూయించింది. వ్యాపార పోటీని కాపాడే కేంద్ర సంస్థ ఎఫ్‌టీసీ ఊరుకోలేదు. కేసు దేశ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 ఫిబ్రవరిలో కోర్టు 6-3తో బోర్డుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఒక వృత్తిలోని వాళ్లే మెజారిటీగా ఉన్న బోర్డు మీద రాష్ట్ర ప్రభుత్వపు చురుకైన పర్యవేక్షణ లేకపోతే, పోటీ చట్టాల నుంచి దానికి రక్షణ ఉండదని చెప్పింది.

ఆ తీర్పుతో రాష్ట్రాలకు టెన్షన్ పట్టుకుంది. అంతవరకు బోర్డులు ఏం చేస్తున్నాయో పట్టించుకోని ప్రభుత్వాలు వాటి మీద ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాల్సి వచ్చింది. టెక్సాస్ 2019లో గవర్నర్ కార్యాలయంలోనే ఒక విభాగం పెట్టి, పోటీని దెబ్బతీసే బోర్డు నియమాల్ని అక్కడ పరిశీలించాలంది. ఇతర రాష్ట్రాలు వేరే దారులు వెతికాయి. ఈ సమీక్షల ఆలోచన మాత్రం అంతకు నలభై ఏళ్ల పాతది.

గడువు దాటితే రద్దు

1970ల్లో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత ప్రభుత్వం మీద నమ్మకం బాగా సడలిన రోజుల్లో, కామన్ కాజ్ అనే పౌర సంస్థ కొలరాడో శాఖ ఒక ప్రతిపాదన తెచ్చింది. ప్రతి ప్రభుత్వ సంస్థకూ ఒక గడువు తేదీ పెట్టాలి. ఆ తేదీలోపు చట్టసభ మళ్లీ ఓటేసి కొనసాగిస్తే సరే, లేదా అది దానంతటదే రద్దవుతుంది. దీనికి సన్‌సెట్ అని పేరు. 1976లో కొలరాడో మొదటి చట్టం చేసింది. మరుసటి ఏడు టెక్సాస్. ఐదారేళ్లలో ముప్పైకి పైగా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. తర్వాత కొన్ని రాష్ట్రాలు ఖర్చు దండగ అంటూ విరమించుకున్నాయి.

ఇందులో కీలకం రద్దు భయం కాదు, వాదన భారం అటునుంచి ఇటు మారడం. మామూలుగా ఒక బోర్డును తీసేయాలంటే తీసేయాలనుకున్నవాడు బిల్లు పెట్టి, ఓట్లు కూడగట్టి, పోరాడాలి. గడువు ఉంటే, ఉండాలనుకున్న బోర్డే చట్టసభకు వచ్చి తానెందుకు ఉండాలో చెప్పుకోవాలి.

మన దగ్గర ఈ సంప్రదాయం లేదు. భారత వైద్య మండలిని తీసుకోండి. 2010లో దాని అధ్యక్షుడే లంచం కేసులో అరెస్టయ్యాడు, కేంద్రం మండలిని రద్దు చేసి వేరే పాలకవర్గాన్ని పెట్టింది, 2016లో పార్లమెంటు స్థాయీ సంఘం దుమ్మెత్తిపోసింది. అయినా కొత్త చట్టం చేసి జాతీయ వైద్య కమిషన్ పని మొదలుపెట్టేసరికి 2020 సెప్టెంబరు వచ్చింది. గడువు తేదీ అంటూ ఉండి ఉంటే కనీసం ఆ చర్చ ముందే జరిగేదేమో.

టెక్సాస్‌లో పని జరిగే తీరు ఇలా ఉంటుంది. సన్‌సెట్ సలహా కమిషన్‌లో 12 మంది. ఐదుగురు సెనేటర్లు, ఐదుగురు ప్రతినిధుల సభ సభ్యులు, ఇద్దరు సామాన్య పౌరులు. దాదాపు 130 సంస్థలు దీని పరిధిలో ఉన్నాయి, ఒక్కోదాని వంతు సుమారు పన్నెండేళ్లకోసారి వస్తుంది. ముందుగా సంస్థే తన గురించి తాను నివేదిక రాసివ్వాలి. తర్వాత కమిషన్ సిబ్బంది నెలల తరబడి ఫైళ్లు తిరగేస్తారు, ఉద్యోగులతో, లైసెన్సుదారులతో, ఫిర్యాదుదారులతో మాట్లాడతారు, సిఫారసులతో రిపోర్టు అచ్చేస్తారు. ఆపైన బహిరంగ విచారణ. ఆపైన కమిషన్ ఓటు. ఆపైన బిల్లు. చట్టసభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో 140 రోజులే కూర్చుంటుంది కాబట్టి బిల్లు ఆ లోపు పాసవ్వాలి. పాసవకపోతే ఆ ఏడు సెప్టెంబరు 1న సంస్థ రద్దు, దుకాణం సర్దుకోవడానికి ఒక ఏడాది.

సిబ్బంది అడిగే ప్రశ్నలు చట్టంలోనే రాసి ఉన్నాయి. 2013లో లైసెన్సు సంస్థల కోసం ప్రత్యేకంగా ఒకటి చేర్చారు: ఈ లైసెన్సు వల్ల ప్రజలకు నిజమైన మేలు ఉందా, అదే మేలు ఇంతకన్నా తక్కువ ఆంక్షలతో దొరకదా? ఇది చూడ్డానికి చిన్న వాక్యమే గాని అసలు విషయం ఇందులోనే ఉంది. లైసెన్సుకూ ఏమీ లేకపోవడానికీ మధ్య చాలా మెట్లున్నాయి. పేరు నమోదు చేసుకుని పని చేసుకోనివ్వడం ఒక మెట్టు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఆ హోదా పెట్టుకోవచ్చు, లేనివాళ్లు హోదా లేకుండా అదే పని చేయొచ్చు అనడం ఇంకొకటి. తనిఖీలు చేయడం, బీమా తప్పనిసరి చేయడం, పూచీకత్తు కట్టించుకోవడం వేరే దారులు. హోటల్లో వంటవాడికి అమెరికాలో వృత్తి లైసెన్సు లేదు. వంటగదికి తనిఖీ ఉంది. జనం కడుపులు భద్రంగానే ఉన్నాయి.

ప్లంబర్లు గెలిచిన యుద్ధం

2018-19లో టెక్సాస్ ప్లంబింగ్ ఎగ్జామినర్ల బోర్డు వంతు వచ్చింది. లైసెన్సు పరీక్షల కోసం జనం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావడం లాంటి లోపాలు సమీక్షలో బయటపడ్డాయి. అప్పుడే రాష్ట్రంలో ప్లంబర్లకు విపరీతమైన కరువు. సిఫారసు సూటిగా ఉంది: ప్రత్యేక బోర్డు ఎత్తేయండి, ప్లంబర్ల లైసెన్సు పనిని టీడీఎల్ఆర్‌కు ఇవ్వండి. టీడీఎల్ఆర్ అంటే ఎలక్ట్రీషియన్ల నుంచి బార్బర్ల దాకా అనేక వృత్తుల లైసెన్సులు ఒకేచోట చూసే రాష్ట్ర శాఖ. థ్రెడింగ్ కేసులో ప్రతివాది కూడా ఇదే శాఖ, ఆ ముచ్చట పక్కన పెడదాం.

ప్లంబర్లు భగ్గుమన్నారు. మా పని తెలియని గుమాస్తాలు మా పరీక్షలు దిద్దుతారా అన్నారు. బిల్లు సెనేట్, ప్రతినిధుల సభ మధ్య నలిగింది, మే నెలాఖర్లో సమావేశాలు ముగియబోతుండగా ప్రతినిధుల సభ దాన్ని ఓడించింది. కానీ గడువు చట్టం ప్రకారం బిల్లు ఓడిపోవడమంటే పాత పద్ధతి కొనసాగడం కాదు. బోర్డూ పోయింది, దాంతోపాటు రాష్ట్ర ప్లంబింగ్ చట్టమూ పోబోతోంది! ఎవరూ కోరుకోని ఫలితం అది. ఇక ఎవరైనా రెంచి పట్టుకుని ప్లంబర్ని అనొచ్చునన్న వార్త గుప్పుమంది.

జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబాట్ ఒక ఉత్తర్వు వదిలాడు. 2017లో వచ్చిన హార్వీ తుఫాను నష్టాల నుంచి రాష్ట్రం ఇంకా కోలుకుంటోంది, ప్లంబర్లు అవసరం, కాబట్టి విపత్తు అధికారాల కింద బోర్డును 2021 దాకా పొడిగిస్తున్నానన్నాడు. రెండేళ్ల కిందటి తుఫాను పేరుతో ఒక లైసెన్సు బోర్డు బతికింది. సరిగ్గా 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుఫాను ముంచెత్తి, ఇళ్లలో పైపులు గడ్డకట్టి పగిలి, ప్లంబర్ల కోసం జనం అల్లాడిపోయారు. వేరే రాష్ట్రాల ప్లంబర్లు వచ్చి పని చేసేందుకు నిబంధనలు సడలించాల్సి వచ్చింది. ఆ ఏడు సమావేశాల్లో బోర్డును విడిగానే కొనసాగించారు.

ఈ కథలో విలన్లు లేరు. గడువనే సాధనం ఎంత మొరటుదో మాత్రం ఇందులో కనబడుతుంది. పైగా అది రాజకీయ బేరానికి కూడా చక్కగా పనికొస్తుంది. 2017లో ఏకంగా టెక్సాస్ మెడికల్ బోర్డుతో పాటు సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, కుటుంబ చికిత్సకుల బోర్డులు, మొత్తం ఐదింటి గడువు ప్రమాదంలో పడింది. ట్రాన్స్‌జెండర్ల మరుగుదొడ్ల వాడకంపై ఆంక్షల బిల్లు పాసవ్వాలని పట్టుబట్టిన, సెనేట్‌ను నడిపే లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్, ఈ బోర్డుల బిల్లును అడ్డం పెట్టుకుని ప్రత్యేక సమావేశాలు పిలిపించాడు. చివరికి మరుగుదొడ్ల బిల్లు పాసవలేదు, బోర్డులు బతికాయి. కానీ కొన్ని వారాల పాటు రాష్ట్రంలోని డాక్టర్ల లైసెన్సుల భవిష్యత్తు, వాటితో ఏ సంబంధం లేని గొడవకు తాకట్టుగా ఉంది.

ఇంత హడావుడి చేసి, ఎన్ని లైసెన్సులు రద్దయ్యాయి? రాబర్ట్ థార్న్‌టన్, ఎడ్వర్డ్ టిమ్మన్స్ అనే ఆర్థికవేత్తలు 2015లో ఇదే ప్రశ్న వేసుకుని వెతికారు. నలభై ఏళ్లలో, యాభై రాష్ట్రాల్లో, ఒక వృత్తికి లైసెన్సు పూర్తిగా తీసేసిన సందర్భాలు వాళ్లకు దొరికినవి ఎనిమిది. వాటిలోనూ కొన్ని నిలబడలేదు. అలబామా 1983లో బార్బర్ల లైసెన్సు ఎత్తేసి, 2013లో మళ్లీ తెచ్చింది.

కారణం విచారణ గదిలో కనిపిస్తుంది. ఫ్లోరిడాలో ఇంటీరియర్ డిజైనరు కావాలంటే ఒకప్పుడు చదువు, అనుభవం కలిపి ఆరేళ్లుండాల్సింది. 2011లో ఆ లైసెన్సు ఎత్తేద్దామన్నప్పుడు డిజైనర్ల తరఫున వచ్చినవాళ్లు, అర్హత లేనివాళ్లు ఆస్పత్రుల్లో తప్పుడు గుడ్డలు వాడితే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని, ఏటా 88,000 మరణాలకు దోహదమవుతుందని చట్టసభ ముందే వాదించారు. సోఫా గుడ్డకు అంత శక్తి ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడు ప్రయత్నం విఫలమైంది. 2020లో గాని ఆ నిబంధన సడలలేదు.

గేటు తీసేసిన చోట

ఇక్కడిదాకా చదివినవాళ్లకు లైసెన్సులన్నీ స్వార్థం కోసం కట్టిన గోడలని అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఈ విషయం మీద రాసేవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు. నా మటుకు నాకు కొలరాడో ఫ్యూనరల్ హోమ్‌ల కథ తెలిశాక ఆ ధీమా సడలింది.

సన్‌సెట్‌కు పుట్టిల్లయిన కొలరాడో, 1983లో అంత్యక్రియల నిర్వాహకుల లైసెన్సు తీసేసింది. దేశంలో ఆ లైసెన్సు లేని ఏకైక రాష్ట్రంగా ఏళ్ల తరబడి ఉండిపోయింది. పెట్టాలా వద్దా అని మధ్యమధ్య చర్చ జరిగినా, పెద్ద హాని కనబడలేదు కాబట్టి అక్కర్లేదన్న వైఖరే నెగ్గుతూ వచ్చింది. కాగితం మీద తప్పు పట్టడానికి వీల్లేని తర్కం. ఫిర్యాదులు తక్కువ, కాబట్టి హాని తక్కువ.

కానీ ఈ వృత్తిలో ఫిర్యాదు చేయాల్సింది ఎవరు? చనిపోయినవాళ్లు చేయలేరు. బంధువులకు ఒక డబ్బాలో బూడిద ఇస్తారు. అది తమ తల్లిదో కాదో వాళ్లకెలా తెలుస్తుంది? పశ్చిమ కొలరాడోలోని మాంట్రోస్‌లో ఒక ఫ్యూనరల్ హోమ్ నడిపినావిడ, దహనం చేస్తామని చెప్పి తీసుకున్న శవాల భాగాలను ఏళ్ల తరబడి అమ్ముకుంది. 2023 జనవరిలో ఆమెకు ఇరవై ఏళ్ల జైలుశిక్ష పడింది. అదే ఏడు అక్టోబరులో పెన్‌రోజ్ అనే చిన్న ఊళ్లో ఒక భవనం నుంచి దుర్వాసన వస్తోందని ఇరుగుపొరుగు చెబితే అధికారులు తలుపులు తెరిచారు. లోపల దాదాపు 190 శవాలు కుళ్లిపోతూ కనబడ్డాయి. కొన్ని నాలుగేళ్లుగా అక్కడే ఉన్నాయి. ఆ కుటుంబాల్లో కొందరు అప్పటికే బూడిద అనుకుని ఏదో పొడిని నీళ్లలో కలిపి, ప్రార్థనలు చేసి వచ్చేశారు.

2024లో కొలరాడో లైసెన్సును తిరిగి తెస్తూ చట్టం చేసింది. 2027 నుంచి నిర్వాహకులు చదువు, పరీక్ష, నేరచరిత్ర పరిశీలన దాటి రావాలి. దాంతోపాటే ఫ్యూనరల్ హోమ్‌లకు క్రమం తప్పని తనిఖీలు ఉండాలని వేరే చట్టం చేసింది. ఈ రెండింటిలో అసలు మందు రెండోదేనని నేననుకుంటాను. శవాలను దాచినవాళ్లు పరీక్ష పాస్ కాలేక దాచలేదు. ఆ తలుపు తెరిచి చూసే హక్కు, బాధ్యత ఎవరికీ సరిగా లేక అంతకాలం దాగింది. లైసెన్సు తీసేసినప్పుడు దాని బదులు తనిఖీ ఒకటి పెట్టి ఉండాల్సింది. లైసెన్సు అక్కర్లేదన్న సమీక్ష, మరి చూసేవాళ్లెవరన్న ప్రశ్నను గట్టిగా అడగలేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ డాలస్‌లో ఉంది. అక్కడిది వైద్య వృత్తి, లైసెన్సు గేటు చాలా కట్టుదిట్టమైనది, ఎండీ, రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణ), పరీక్షలు అన్నీ దాటాకే లోపలికి. క్రిస్టఫర్ డంచ్ అనే న్యూరోసర్జన్ అవన్నీ దాటాడు. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉండే ప్లేనో ప్రాంతపు ఆస్పత్రిలో కూడా ఆపరేషన్లు చేశాడు. రెండేళ్లలోపు ముప్పైకి పైగా రోగులు వికలాంగులో, క్షతగాత్రులో అయ్యారు, ఇద్దరు చనిపోయారు. తోటి సర్జన్లే మొత్తుకున్నారు. మెడికల్ బోర్డు లైసెన్సును నిలిపేసింది 2013 జూన్‌లో. 2017లో అతనికి యావజ్జీవం పడింది, అది వేయించింది బోర్డు కాదు, జిల్లా ప్రాసిక్యూటర్లు. ఆస్పత్రుల తప్పూ ఇందులో చాలా ఉంది. కానీ లోపలికి రానివ్వడానికి పదేళ్ల పరీక్షలు పెట్టిన వ్యవస్థ, బయటికి పంపడానికి అంతమంది దెబ్బతినేదాకా ఆగింది.

థ్రెడింగ్ పక్కన ఫ్యూనరల్ హోమ్‌నూ, దాని పక్కన డంచ్‌నూ పెట్టి చూస్తే నాకు కనబడేది ఒకటే. గేటు దగ్గర ఆపడం వేరు, లోపల ఏం జరుగుతోందో చూడడం వేరు. ఇవి రెండు పనులు. లైసెన్సు బోర్డులు మొదటిది ఉత్సాహంగా చేస్తాయి, ఎందుకంటే అది సభ్యుల వృత్తికి లాభం. రెండోదానికి బద్ధకిస్తాయి, ఎందుకంటే అక్కడ శిక్షించాల్సింది తోటివాణ్ని. సమీక్షలు కూడా చాలాసార్లు మొదటిదాని చుట్టూనే తిరుగుతాయి: ఎన్ని గంటలు, ఎంత ఫీజు, ఎన్ని పరీక్షలు. ఫిర్యాదు వచ్చిన ఎన్నాళ్లకు విచారణ మొదలైంది, ఎన్నింటిని విచారించకుండానే మూసేశారు, శిక్ష పడినవాడి పేరు జనానికి తెలిసిందా? బోర్డు విలువ ఈ లెక్కల్లో తేలుతుంది. టెక్సాస్ సన్‌సెట్ సిబ్బంది ఈమధ్య ఇటు చూస్తున్నారు. పశువైద్యుల బోర్డు దగ్గర తన పని గురించిన లెక్కలే సరిగా లేవని బయటపెట్టారు. దాంతో 2023లో చట్టసభ ఆ బోర్డును నాలుగేళ్ల పాటు టీడీఎల్ఆర్ పర్యవేక్షణ కింద పెట్టింది.

రద్దులు అరుదైనా, సమీక్షలు ఊరికే పోవు. 2021లో టెక్సాస్ బార్బర్లకూ బ్యూటీషియన్లకూ విడివిడిగా ఉన్న వ్యవస్థలను కలిపేసింది. కాలిఫోర్నియా అదే ఏడు చేసిన చట్టంతో హెయిర్ డ్రెస్సర్లకు 1,600, బార్బర్లకు 1,500గా ఉన్న శిక్షణ గంటల్ని 1,000కి దించింది. నెబ్రాస్కా 2018 నుంచి ఏటా ఐదో వంతు లైసెన్సుల్ని సమీక్షించే పద్ధతి పెట్టుకుంది, ఒహాయో ఆరేళ్లలో అన్నిటినీ చుట్టేసేలా ఏర్పాటు చేసుకుంది. కొన్ని రాష్ట్రాల్లో కొత్త లైసెన్సు అడిగినవాళ్లు ముందుగా దాని అవసరాన్ని రుజువు చేయాలి. కొలరాడోలో అది 1985 నుంచే ఉంది. పుట్టాక చంపడం కన్నా పుట్టకముందే ఆపడం తేలికని వాళ్లకు త్వరగా అర్థమైనట్టుంది. అరిజోనా 2019లో, వేరే రాష్ట్రపు లైసెన్సుతో వచ్చి స్థిరపడినవాళ్లను మళ్లీ మొదటి నుంచి చదివించకుండా గుర్తించే చట్టం చేసింది, చాలా రాష్ట్రాలు దాన్ని అనుసరించాయి.

ఈ సడలింపులన్నీ అమెరికా లోపల ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లేవాళ్ల కోసం. విజయవాడలో బీడీఎస్ చదివి ఐదేళ్లు ప్రాక్టీసు చేసిన అమ్మాయి పెళ్లై డాలస్ వెళ్తే, చాలా రాష్ట్రాల్లో అక్కడి డెంటల్ కాలేజీలో మళ్లీ రెండు మూడేళ్లు చదవాల్సిందే, దానికి లక్షల డాలర్ల ఖర్చు. వైద్యుల విషయంలో గోడకు ఒక పగులు పడింది. విదేశాల్లో చదివి అనుభవం గడించిన డాక్టర్లు అమెరికాలో మళ్లీ రెసిడెన్సీ చేయకుండానే తాత్కాలిక లైసెన్సుతో పని మొదలుపెట్టే వీలు కల్పిస్తూ 2023లో టెనెసీ చట్టం చేసింది. గ్రామీణ ప్రాంతాల్లో డాక్టర్లు దొరక్క చేసిన పని అది, మన మీద ప్రేమతో కాదు. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అటు నడిచాయి. డెంటిస్టుల కోసం అలాంటి కదలిక ఇంకా అంతగా లేదు. వాళ్ల బోర్డుల్లో కూర్చునేదెవరో ఉత్తర కరొలినా కేసులో చూశాం.

టెక్సాస్‌లో ఏ బోర్డు వంతు ఎప్పుడో ముందే ప్రకటిస్తారు. సిబ్బంది రిపోర్టులు ఎవరైనా ఆన్‌లైన్‌లో చదవొచ్చు, విచారణలో ఎవరైనా పేరిచ్చి రెండు మాటలు చెప్పొచ్చు, రాలేనివాళ్లు రాసి పంపొచ్చు. పౌరసత్వం ఉండాలన్న షరతు లేదు. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో ఆ గది నిండా లైసెన్సు ఉన్నవాళ్లే కూర్చుని ఉంటారు. లైసెన్సు దొరకనివాళ్లు ఆ రోజు ఇంకేదో పనిలో ఉంటారు.